ముద్ర కేంద్రానిది, ఆలస్యం మనది: రెండు తెలుగు రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల ప్రధాన కార్యదర్శులకు,

నమస్కారం.

నేను కరీంనగర్ ప్రాంతంలో ఒక నర్సింగ్ కళాశాలలో చాలా ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. మా దగ్గర చదివిన పిల్లలు దుబాయ్, దోహా, రియాద్, లండన్ ఆసుపత్రుల్లో పనిచేస్తున్నారు. కొత్తగా జర్మనీ దారి పట్టినవాళ్ళూ ఉన్నారు. రోగికి నరం దొరకకపోతే ఏం చేయాలో మేం నేర్పగలం. ఆఫర్ లెటర్ చేతికొచ్చాక పట్టా వెనక ఏ ముద్ర, ఎవరి చేత, ఏ వరుసలో వేయించుకోవాలో మాత్రం మా సిలబస్‌లో లేదు. మీ వెబ్‌సైట్లలో వెతికితే మామూలు మనిషికి అర్థమయ్యే తెలుగులో ఒకచోట నాకు కనిపించలేదు. అందుకే పిల్లలు ఏజెంటు దగ్గరికి వెళతారు. ఈ లేఖ ఏజెంటు మీద ఫిర్యాదు కాదు. మీరు ఖాళీగా వదిలేసిన చోట అతడు దుకాణం పెట్టుకున్నాడు. నా ఫిర్యాదు ఆ ఖాళీ మీద.

ఇద్దరికీ కలిపి ఒకే లేఖ ఎందుకంటే, 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది గాని మా ఇళ్ళ బీరువాల్లో సర్టిఫికెట్లు విడిపోలేదు. ఒకే అమ్మాయి ఫైలులో హైదరాబాద్ బోర్డు ఇచ్చిన పదో తరగతి మెమో, విజయవాడ విశ్వవిద్యాలయం ఇచ్చిన పట్టా, తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్ ఇచ్చిన రిజిస్ట్రేషన్ పక్కపక్కనే ఉంటాయి. ఆమెకు మీ ఇద్దరితోనూ పని ఉంటుంది.

మీకు తెలిసిన దారే అయినా, లేఖ చదివే మిగతావారి కోసం ఒకసారి చెబుతాను. ఇక్కడి పట్టా విదేశంలో చెల్లాలంటే ముందు దాన్ని ఇచ్చిన విశ్వవిద్యాలయం 'ఇది మాదే' అనాలి. ఆ మాట ఆధారంగా రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఒక అధికారి సంతకం చేయాలి. బయట అందరూ దీన్ని హెచ్‌ఆర్‌డీ అటెస్టేషన్ అంటారు. ఆ పేరున్న కేంద్ర మంత్రిత్వశాఖ (మానవ వనరుల అభివృద్ధి శాఖ) 2020లోనే విద్యాశాఖగా మారిపోయింది, ఏజెంట్ల బోర్డుల మీద మాత్రం ఇంకా బతికే ఉంది. పుట్టుక, పెళ్ళి వంటి వ్యక్తిగత పత్రాలైతే హోం శాఖ గాని, సాధారణ పరిపాలన శాఖ గాని చూడాలి. రాష్ట్ర అధికారి సంతకాన్ని చూసి విదేశాంగ మంత్రిత్వశాఖ పట్టా వెనక తన స్టిక్కర్ అంటిస్తుంది. వెళ్ళే దేశం, ఒకరి పత్రాలను ఒకరు గుర్తించడానికి దేశాలు చేసుకున్న హేగ్ ఒప్పందంలో ఉంటే ఆ స్టిక్కరే అపోస్టిల్, అక్కడితో పని అయిపోయినట్టే. ఒప్పందంలో లేని దేశమైతే దాని రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి, ఆ దేశంలో దిగాక అక్కడి విదేశాంగ శాఖ ముద్ర మరొకటి.

1961 అక్టోబరు 5న హేగ్‌లో కుదిరిన ఈ ఒప్పందం పుట్టిందే ముద్ర మీద ముద్ర వేసే పద్ధతిని ఎత్తేయడానికి. పది గళ్ళున్న చిన్న చదరపు ధ్రువపత్రం సరిపోతుందని దేశాలు అనుకున్నాయి: ఏ దేశపు పత్రం, ఎవరి సంతకం, ఏ హోదాలో చేశారు, ఎవరి ముద్ర ఉంది, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు ధ్రువీకరించారు, ఏ నంబరు కింద, చివర ముద్ర, సంతకం. ఆ నంబరు పట్టుకుని ఎవరైనా రిజిస్టరులో సరిచూసుకునే వీలు ఉండాలన్నది కూడా ఒప్పందంలోని షరతే. మన దేశానికి ఇది 2005 జూలై 14 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు ఇందులో 120కి పైగా దేశాలున్నాయి.

మన దగ్గర దీని ఫలితం సగమే దక్కింది. పై మెట్లు తగ్గాయి. రాయబార కార్యాలయాల చుట్టూ తిరగడం చాలా దేశాల విషయంలో పోయింది. కింది మెట్లు, అంటే విశ్వవిద్యాలయం పరీక్షల విభాగం, రాష్ట్ర సచివాలయం, ఎక్కడివక్కడే ఉన్నాయి. విదేశాంగ శాఖ దగ్గర మీ నియమిత అధికారుల నమూనా సంతకాలు ఉంటాయి. పత్రం మీది సంతకాన్ని వాటితో పోల్చి చూసి స్టిక్కర్ అంటించడం వరకే ఆ శాఖ పని. పత్రంలో ఉన్న విషయానికి తనది పూచీ కాదని అది ముందే చెప్పేసింది. అంటే ఈ గొలుసు బరువంతా మీ అధికారి సంతకం మీద వేలాడుతోంది. ఆయన బదిలీ అయి, కొత్తగా వచ్చినవారి నమూనా సంతకం పై శాఖకు చేరకపోతే జగిత్యాలలో ఒక కుటుంబం వీసా ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో ఆ కుటుంబానికి ఎవరూ చెప్పరు.

కేంద్రాన్ని వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. కాని లెక్క లెక్కే. అపోస్టిల్‌కు కేంద్రం తీసుకునే రుసుము పత్రానికి 50 రూపాయలు. 2012 నుంచి పత్రాలను ప్రజల నుంచి నేరుగా తీసుకోవడం మానేసి, అధికారం ఇచ్చిన సంస్థల ద్వారా తీసుకుంటోంది. 2019లో ఈ పనిని ఢిల్లీ దాటించి హైదరాబాద్ సహా పలు నగరాలకు తెచ్చింది. కాబట్టి "అపోస్టిల్ కోసం ఢిల్లీ పంపాలి, మనిషి వెళ్ళాలి, ఖర్చవుతుంది" అని మా పిల్లలకు ఇంకా చెబుతున్న మాటకు అర్థం లేదు. అయినా ఒక్కో పత్రానికి వేలల్లో వసూలవుతూనే ఉంది. ఆ వేలల్లో కేంద్రం వాటా యాభై. మిగిలినదంతా దేనికి? రాష్ట్ర దశలో ఏ గదికి వెళ్ళాలో తెలియనితనానికి, ఎన్నాళ్ళు పడుతుందో తెలియని భయానికి. ఏజెంటు అమ్ముతున్నది ఆ రెండింటికి మందు.

మా దగ్గర చదివిన ఒక అమ్మాయికి కువైట్‌లో ఉద్యోగం వచ్చింది. ఇంటివాళ్ళు వడ్డీకి తెచ్చి ఏజెంటుకు డబ్బు కట్టి, పట్టా, మార్కుల మెమోలు, రిజిస్ట్రేషన్ అన్నీ అసలువే అతడి చేతిలో పెట్టారు. రసీదు అడిగితే ఒక విజిటింగ్ కార్డు ఇచ్చాడు. తర్వాత ఫోను చేసినప్పుడల్లా "యూనివర్సిటీలో ఉంది" అన్నాడు, ఇంకోసారి "సెక్రటేరియట్‌లో ఉంది" అన్నాడు. నిజంగా ఎక్కడుందో తెలుసుకునే మార్గం ఆ కుటుంబానికి లేదు. దరఖాస్తు నంబరు లేదు, ఎస్ఎంఎస్ లేదు. చేరాల్సిన తేదీ దాటాక ఆసుపత్రి జాబితాలో తర్వాతి పేరును పిలిచింది. పట్టా చివరికి తిరిగొచ్చింది. దాని మీద రాష్ట్ర సంతకం కూడా లేదు. ఆ ఏజెంటు మోసం చేశాడో, నిజంగానే ఏ బల్ల మీదో ఆగిందో నేను తేల్చలేను. తేల్చలేకపోవడమే నా అభ్యంతరం. ఊళ్ళో కొరియర్ కవరు ఎక్కడుందో ఫోనులో చూసుకోవచ్చు. నాలుగేళ్ళ చదువు ఎక్కడుందో చూసుకోవడానికి లేదు.

ఇక విశ్వవిద్యాలయం పేరు సంగతి. విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం 1986లో ఏర్పడింది. తర్వాత దానికి ఎన్టీఆర్ పేరు వచ్చింది. 2022లో ఆ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టారు. 2024లో మళ్ళీ ఎన్టీఆర్ పేరు తెచ్చారు. ఏ పేరు ఉండాలన్నది నా చర్చ కాదు, ఆ తగువు తీర్చడానికి వేరే పెద్దలున్నారు. నా బాధ మెమోల గురించి. ఆ ఏళ్ళలో చదివిన పిల్లల మార్కుల మెమోల మీద ఒక పేరు, పట్టా మీద మరో పేరు ఉండే పరిస్థితి వచ్చింది. డబ్లిన్‌లోనో దోహాలోనో ఫైలు చూసే ఉద్యోగికి వైఎస్సార్ ఎవరో, ఎన్టీఆర్ ఎవరో తెలియదు. ఆయనకు కనిపించేది రెండు వేర్వేరు సంస్థల పేర్లు, ఒకే విద్యార్థి. అనుమానించడం ఆయన ఉద్యోగ ధర్మం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేయాల్సింది చాలా చిన్నది. ఏ చట్ట సవరణతో ఏ తేదీన ఏ పేరు మారిందో, ఈ పేర్లన్నీ ఒకే విశ్వవిద్యాలయానివని ఇంగ్లీషులో ఒక పేజీ రాసి, అధికార ముద్రతో వెబ్‌సైట్‌లో పెడితే చాలు. ఎవరికి కావాలంటే వాళ్ళు దించుకుని ఫైలుకు జతచేస్తారు. ఇకముందు ఏ ప్రభుత్వం ఏ సంస్థ పేరు మార్చినా, మార్చిన రోజే ఆ పేజీ కూడా బయటికి రావాలి. జేఎన్టీయూను 2008లో హైదరాబాద్, కాకినాడ, అనంతపురం విశ్వవిద్యాలయాలుగా విడదీసినప్పటి పట్టాలవాళ్ళకూ ఇలాంటి పేజీ అవసరమే. మా ఊరి ఇంజినీర్లు ఇప్పటికీ దాని గురించి అడుగుతుంటారు.

తెలంగాణ వైపు చిక్కు మరో రకం. వరంగల్‌లో కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం వచ్చింది, మంచిదే. దానికి ముందు బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్ళలో చాలామంది రికార్డు విజయవాడలో ఉంది. ఆదిలాబాద్ అమ్మాయి తన పట్టా నిజమైనదని చెప్పించుకోవడానికి ఇప్పుడు పొరుగు రాష్ట్రపు విశ్వవిద్యాలయానికి రాసుకోవాలి. రాష్ట్ర సంతకం దగ్గరికి వచ్చేసరికి అసలు ప్రశ్న మొదలవుతుంది: ఆమె ఉంటున్న రాష్ట్రమా, పట్టా ఇచ్చిన విశ్వవిద్యాలయం ఉన్న రాష్ట్రమా? ఉమ్మడి రాష్ట్రంలో ఇచ్చిన పత్రాల విషయంలో ఎవరి సంతకం చెల్లుతుందో మీ ఇద్దరూ కలిసి ఒక ఉత్తర్వు ఇచ్చి, దాని ప్రతిని విదేశాంగ శాఖకు పంపితే ఈ తిరుగుడు ఆగుతుంది. నదీ జలాల మీద, ఆస్తుల పంపకం మీద ఇన్నేళ్ళుగా కూర్చుంటున్నారు కదా. దీనికి ఒక్క మధ్యాహ్నం చాలు, ఇందులో ఎవరికీ నష్టం లేదు.

బీఎస్సీ కాకుండా జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) చదివినవాళ్ళ గురించి కూడా చెప్పాలి. అది విశ్వవిద్యాలయం ఇచ్చే పట్టా కాదు, డిప్లొమా. అందువల్ల దాన్ని ఎవరు పరిశీలించాలి, విద్యాశాఖ సంతకమా, ఆరోగ్య శాఖ సంతకమా అన్నది అడిగిన ప్రతిసారీ ఒక్కో జవాబు వస్తోంది. గల్ఫ్ ఆసుపత్రుల్లో పనిచేస్తున్న మన నర్సుల్లో జీఎన్‌ఎం వాళ్ళు తక్కువేమీ కాదు.

వ్యక్తిగత పత్రాలు మరో తలనొప్పి. ఉద్యోగంలో కుదురుకున్నాక భర్తనో భార్యనో, పిల్లలనో తీసుకెళ్ళాలంటే పెళ్ళి సర్టిఫికెట్, పుట్టిన సర్టిఫికెట్ కావాలి. ఉమ్మడి రాష్ట్రంలో పెళ్ళిళ్ళ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూ 2002లోనే చట్టం వచ్చింది. అయినా ఊళ్ళలో పెళ్ళికార్డు, ఫొటో ఆల్బమ్ ఉంటే చాలనే నమ్మకం పోలేదు. ఇక పుట్టిన సర్టిఫికెట్ చూస్తే, బిడ్డ పేరుండాల్సిన చోట ఖాళీ. నామకరణం కాకముందే పంచాయతీలో నమోదైంది, తర్వాత పేరు ఎక్కించుకోవాలని ఎవరికీ తోచలేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణతో ఆ ఏడాది అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్ళకు పుట్టిన సర్టిఫికెట్టే బడికి, పాస్‌పోర్టుకు, ఉద్యోగానికి ఆధారం అయింది. పెద్దవాళ్ళ సంగతి అలాగే ఉండిపోయింది. పేరు లేని సర్టిఫికెట్ మీద ఎన్ని ముద్రలు వేయించినా లాభం లేదు, ముద్ర ఖాళీని పూరించదు. ఆసుపత్రి నుంచి తల్లిని ఇంటికి పంపే రోజునే పేరు ఎక్కించుకోవాలని చెప్పడం మా నర్సులు కూడా చేయగలరు. మీరు అధికారికంగా చెప్పమనండి, చెబుతాం.

లామినేషన్ గురించి రెండు మాటలు. సర్టిఫికెట్ వచ్చిన రోజే జిరాక్స్ షాపుకు తీసుకెళ్ళి లామినేషన్ చేయించడం మన ఇళ్ళలో ప్రేమకు గుర్తు. లామినేట్ చేసిన కాగితం మీద సంతకమూ పడదు, స్టిక్కరూ అంటదు. వేడి చేసి ఊడదీయబోతే సిరా కూడా ఊడుతుంది. డూప్లికేట్ తీసుకోవాలంటే పోలీసు ఫిర్యాదు, పత్రికా ప్రకటన, మళ్ళీ చలానా. పట్టా ఇచ్చే కవరు మీద 'లామినేషన్ చేయించవద్దు' అని పెద్ద అక్షరాలతో ముద్రించడానికి విశ్వవిద్యాలయానికి ఎంత ఖర్చవుతుంది?

ఏ దేశానికి ఏది కావాలో ఒకచోట తెలుగులో రాసిపెట్టమని కూడా కోరుతున్నాను. తెలియకపోవడం వల్ల నష్టపోతున్నది పేదవాళ్ళే. గల్ఫ్ అంతా ఒకటేనని మా వైపు అనుకుంటారు. ఒమాన్, బహ్రెయిన్ ఒప్పందంలో చాలా ఏళ్ళుగా ఉన్నాయి. సౌదీ అరేబియాకు 2022 డిసెంబరు 7 నుంచి అమల్లోకి వచ్చింది. యూఏఈ, ఖతార్, కువైట్ ఇంకా చేరలేదు కాబట్టి వాటికి రాయబార కార్యాలయం ముద్ర తప్పదు. ఈ తేడా తెలియని ఇంట్లో సౌదీకి కూడా 'ఎంబసీ స్టాంపింగ్' పేరుతో డబ్బు కట్టించడం ఎంత తేలికో మీరే ఆలోచించండి. కెనడాలో 2024 జనవరి 11 నుంచి అపోస్టిల్ చెల్లుతోంది. జర్మనీ సంగతి వేరు. భారత్ చేరికకు ఆ దేశం అభ్యంతరం చెప్పింది కాబట్టి మన రెండు దేశాల మధ్య ఈ ఒప్పందం అమల్లో లేదు. అక్కడికి వెళ్ళేవాళ్ళు ముందు తమ పట్టాను గుర్తించే జర్మన్ కార్యాలయాన్నే ఏం కావాలో రాతపూర్వకంగా అడిగి, తర్వాతే ఇక్కడ పైసా ఖర్చు పెట్టాలి. నేను మా పిల్లలకు అదే చెబుతాను. ఏజెంటు ఈ మాట చెప్పడు. పత్రాల సంఖ్య పెరిగితేనే అతడికి గిట్టుబాటు. ఒక్క పట్టా, రిజిస్ట్రేషన్ చాలిన చోట పదో తరగతి నుంచి ప్రతి మెమోకూ ముద్ర వేయిస్తాడు.

మీ అధికారులు ఒక మాట అంటారని తెలుసు: "నకిలీ సర్టిఫికెట్లు ఇంతగా ఉన్నప్పుడు జాగ్రత్త పడొద్దా?" పడాలి. దొంగ పట్టాలు మన రెండు రాష్ట్రాలకూ తెచ్చిన చెడ్డపేరు మాకూ తెలుసు. వాటివల్ల ఎక్కువ నష్టపోయింది నిజంగా చదివిన మా పిల్లలే. ఇప్పటి పద్ధతి నకిలీని పట్టుకుంటుందా అన్నదే నా సందేహం. సంబంధం చూడటానికి వచ్చినవాళ్ళు అబ్బాయి గురించి ఊరి పెద్దను అడుగుతారు. ఆ పెద్ద ఎవరో చెప్పడానికి పక్క ఊరి పెద్ద, ఆయన్ను ఎరిగినవాడిగా మరో పెద్ద వస్తే చివరికి పెద్దల గురించి తెలుస్తుంది గాని అబ్బాయి గురించి తెలియదు. మన ముద్రల వరుస అలాంటిది. ఒకరి సంతకం మరొకరు గుర్తుపడుతున్నారు, అసలు రికార్డు తెరిచి చూసేది ఒక్కరే, విశ్వవిద్యాలయం పరీక్షల విభాగం. అక్కడ సరిగా చూస్తే తర్వాతి సంతకాలు లాంఛనం. అక్కడ చూడకపోతే తర్వాతి సంతకాలన్నీ అబద్ధానికి అలంకారం.

విదేశాలవాళ్ళు ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. గల్ఫ్ దేశాల ఆరోగ్య శాఖలు లైసెన్సు ఇచ్చే ముందు మన ముద్రలను నమ్మి ఊరుకోవు. డేటాఫ్లో వంటి సంస్థల ద్వారా నేరుగా విశ్వవిద్యాలయానికి, కౌన్సిల్‌కు, పనిచేసిన ఆసుపత్రికి ఉత్తరం రాసి అడుగుతాయి. అమెరికా, కెనడాలకు చదువుల మదింపు చేసే సంస్థలు కూడా విద్యార్థి చేతి మీదుగా కాకుండా విశ్వవిద్యాలయం నుంచే రావాలంటాయి. ఆ ఉత్తరాలకు మన వైపు నుంచి జవాబు వెళ్ళాలి. వెళ్ళకపోతే ఫైలు మీద 'ధ్రువీకరించలేకపోయాం' అని పడుతుంది. అది చదివేవాళ్ళకు 'నకిలీ' అన్నంత అనుమానం కలిగిస్తుంది. ఇన్ని ముద్రలు వేయించి, చివరికి ఒక ఈమెయిలుకు జవాబు రాక ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ళున్నారు. నన్నడిగితే రాష్ట్ర సంతకం కన్నా ముందు బాగుచేయాల్సింది ఇదే.

బాగుచేయడం సాధ్యమే. కేరళ 1996లోనే ప్రవాసుల కోసం ప్రత్యేక శాఖ పెట్టింది. 2002లో వచ్చిన నోర్కా రూట్స్ అనే ప్రభుత్వ సంస్థ తిరువనంతపురం, ఎర్నాకుళం, కోళికోడ్ కేంద్రాల్లో సర్టిఫికెట్లు తీసుకుని రాష్ట్ర సంతకం తానే చేస్తుంది. అక్కడి నుంచి అపోస్టిల్‌కు, గల్ఫ్ రాయబార కార్యాలయాలకు పంపే పని కూడా చూస్తుంది. మలయాళీ నర్సు ప్రపంచమంతా ఉండటానికి ఆమె చదువు, ఇంగ్లీషు మాత్రమే కారణమని మనం అనుకుంటాం. ఆమె వెనక ఒక కౌంటరు ఉంది, ఆ కౌంటరులో రసీదు ఇచ్చే ప్రభుత్వోద్యోగి ఉన్నాడు.

మనకు సంస్థలు లేక కాదు. విదేశీ ఉద్యోగాలకు మనవాళ్ళను పంపడానికి తెలంగాణకు టామ్‌కామ్ ఉంది, ఆంధ్రప్రదేశ్‌కు ఓమ్‌క్యాప్ ఉంది, ప్రవాసుల కోసం ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ ఉంది. 2015లో కేంద్రం వలస అనుమతి (ఎమిగ్రేషన్ క్లియరెన్స్) తప్పనిసరైన 18 దేశాలకు నర్సుల నియామకాన్ని ప్రైవేటు ఏజెంట్ల నుంచి తప్పించి ప్రభుత్వ సంస్థలకు అప్పగించింది. నర్సును పంపే అధికారం ప్రభుత్వ సంస్థకు ఇచ్చినప్పుడు, ఆమె పట్టా మీద సంతకం పెట్టించే బాధ్యత కూడా పూర్తిగా ఆ కప్పు కిందికే రావాలి. సంతకం చేసే అధికారిని అక్కడే కూర్చోబెట్టండి, ఆయన నమూనా సంతకాన్ని, సెలవులో ఉంటే చేసే మరొకరి నమూనానూ విదేశాంగ శాఖకు పంపండి. కరీంనగర్‌లో, కడపలో, అమలాపురంలో పత్రాలు తీసుకునే కౌంటర్లు పెట్టండి. గల్ఫ్‌కు ఎక్కువమంది వెళుతున్నది ఆ ప్రాంతాల నుంచే, హైదరాబాద్ జూబ్లీహిల్స్ నుంచి కాదు. అభ్యర్థి ఇప్పటికే విదేశంలో ఉంటే తల్లో తండ్రో తోడబుట్టినవాళ్ళో గుర్తింపు కార్డుతో వచ్చి ఇచ్చే వీలుండాలి.

కాగితం కదలకుండా పని జరిగే మార్గం కూడా ఉంది. విదేశాంగ శాఖ, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సేవల సంస్థ ఎన్‌ఐసీ కలిసి ఈ-సనద్ అనే పద్ధతిని 2017లో సీబీఎస్‌ఈ పత్రాలతో మొదలుపెట్టాయి. పత్రం ఇచ్చిన సంస్థ తన రికార్డుతో కంప్యూటర్‌లోనే సరిచూస్తుంది, మిగతా దశలు కూడా దాని మీదే నడుస్తాయి. మన ఆరోగ్య విశ్వవిద్యాలయాలు, ఇంటర్ బోర్డులు, నర్సింగ్ కౌన్సిళ్ళు తమ పాత రికార్డులతో సహా ఇందులో చేరితే సచివాలయానికి ఎవరూ రావలసిన పనే ఉండదు. తెలంగాణ ఉన్నత విద్యామండలి 2022లో పట్టాల పరిశీలనకు ఒక పోర్టల్ తెచ్చింది. దాన్ని ఈ పనికీ వాడండి, పాత బ్యాచ్‌ల వివరాలూ ఎక్కించండి. ఆంధ్రప్రదేశ్ 2025 జనవరిలో వాట్సాప్‌లో 161 సేవలు మొదలుపెట్టి దేశమంతా చెప్పుకుంది. 'నా పట్టా ఎక్కడుంది' అన్న ప్రశ్నకు జవాబిచ్చే సేవ ఒకటి వాటికి కలపలేరా?

ఉత్తర్వులు రాసే అలవాటున్నవారు కాబట్టి గడువు గురించి కూడా చెబుతాను. విశ్వవిద్యాలయం పరిశీలనకు ఎన్ని పనిదినాలో, రాష్ట్ర సంతకానికి ఎన్ని పనిదినాలో, రుసుము ఎంతో కౌంటరు దగ్గర తెలుగులో బోర్డు పెట్టండి. గడువు దాటితే ఎవరిని అడగాలో అదే బోర్డు మీద ఉండాలి. అసలు పత్రం తీసుకున్న ప్రతిచోటా నంబరుతో రసీదు ఇవ్వాలి. విదేశీ సంస్థల నుంచి వచ్చే ప్రశ్నలకు జవాబివ్వడాన్ని పరీక్షల విభాగంలో ఒకరి బాధ్యతగా పేరుతో కేటాయించాలి. ప్రస్తుతం అది ఖాళీ దొరికినవారు చేసే పని. పేర్ల విషయంలో కూడా కాస్త ఉదారంగా ఉండమనండి. మెమోలో ఇంటిపేరు ముందుండి, పాస్‌పోర్టులో వెనక్కి వెళ్ళి, పెళ్ళయ్యాక మరో ఇంటిపేరు చేరిన అమ్మాయిని ముగ్గురు వేర్వేరు మనుషులుగా చూడకుండా, ఈ మూడు పేర్లూ ఒకరివేనని రికార్డు చూసి చెప్పే ఒక్క ధ్రువపత్రం చాలు.

ఈ లేఖ ప్రతులను విజయవాడ, వరంగల్ ఆరోగ్య విశ్వవిద్యాలయాల పరీక్షల విభాగాలకు, రెండు రాష్ట్రాల నర్సింగ్ కౌన్సిళ్ళకు కూడా పంపుతున్నాను. మా కళాశాల చివరి సంవత్సరం విద్యార్థులు జూన్‌లో పట్టాలు తీసుకుంటారు. వాళ్ళ పత్రాలు ఏ కౌంటరులో ఇవ్వాలో అప్పటికి మీరు ప్రకటిస్తే ఆ కాగితం మా నోటీసు బోర్డు మీద అంటిస్తాను. ప్రస్తుతం ఆ చోట ఎవరో ఏజెంటు తన ఫోను నంబరు అంటించి వెళ్ళాడు.

భవదీయురాలు,
ఒక నర్సింగ్ అధ్యాపకురాలు
కరీంనగర్